బిగ్ రెడ్ ఇక్కడ దొరకడం లేదు: మీకు ఇష్టమైన చూయింగ్ గమ్ ఏది? అమెరికా కొలతలు, యూరప్ కొలతలు మీకు ఎలా అనిపించాయి?

గోదావరి_గట్టు
డాలస్ శివారులో పదకొండేళ్లు ఉండి, కిందటి ఆగస్టులో ఉద్యోగం మారడంతో స్టుట్‌గార్ట్‌కు వచ్చేశాము. ఇల్లు కుదిరింది, పిల్ల బడికి అలవాటు పడింది, నాకు కూడా నాలుగు జర్మన్ ముక్కలు వచ్చాయి. ఒక్క చిన్న వస్తువు దగ్గర మాత్రం మనసు ఇంకా డాలస్‌లోనే ఉంది. అది బిగ్ రెడ్ అనే దాల్చినచెక్క చూయింగ్ గమ్. మా పేటలోని నాలుగు దుకాణాలూ తిరిగాను. పుదీనా ఉంది, యూకలిప్టస్ ఉంది, స్ట్రాబెర్రీ ఉంది, దాల్చినచెక్క మాత్రం ఎక్కడా లేదు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. బిగ్ రెడ్ బిళ్ళ కాదు, సన్నటి పట్టీ. దానికి చుట్టిన వెండికాగితం అంచులు రంపపు పళ్లలా కత్తిరించి ఉంటాయి. కాగితం విప్పితే పట్టీ మీద వేలికి అంటీ అంటనంత తెల్లటి పొడి కనబడుతుంది. మధ్యకు మడిచి నోట్లో పెట్టుకుంటే ముందు తీపి తగులుతుంది, తరవాత నాలుక అంచుల్లో చిన్న మంట మొదలవుతుంది. రోజూ పోను 31 మైళ్లు, రాను 31 మైళ్లు కారు నడిపిన రోజుల్లో పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి నమిలేవాడిని. పదిహేను పట్టీల ప్యాకెట్ వారంన్నర వచ్చేది.

ఇక్కడ ట్రామ్ ఎక్కి గమ్ నోట్లో వేసుకుంటే రుచి తగ్గకముందే నేను దిగవలసిన చోటు వచ్చేస్తోంది. పాల డబ్బా అక్కడ గ్యాలన్, అంటే నాలుగు లీటర్లకు కాస్త తక్కువ, ఇక్కడ ఒక్క లీటరు. గమ్ ప్యాకెట్‌లో పది బిళ్ళలు. యూరప్పే చిన్నదిగా, అన్నీ నా చేతికి ఒక అంగుళం పొట్టిగా ఉన్నట్టు అనిపిస్తోంది. మీకు ఇష్టమైన గమ్ ఏదో చెప్పండి. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మారినవారు ఈ కొలతల తేడాకు ఎలా అలవాటు పడ్డారో కూడా చెప్పండి.

అమరిల్లో_ఆవల
నా ఓటు జ్యూసీ ఫ్రూట్‌కే. అది ఏ పండు రుచో పద్నాలుగేళ్లుగా చెప్పలేకపోతున్నాను, అయినా దానినే కొంటాను.

కొలతల విషయంలో మీ బాధ నాకు అర్థమవుతుంది. ఇంటర్‌స్టేట్ 10 రహదారి టెక్సాస్ లోపలే దాదాపు 880 మైళ్లు, అంటే 1,400 కిలోమీటర్ల పైచిలుకు సాగుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఐదుసార్లు వెళ్లినంత దూరం అది, అయినా రాష్ట్రం మారదు. పడమటి చివర ఉన్న ఎల్ పాసో నుంచి చూస్తే టెక్సాస్ తూర్పు సరిహద్దు కంటే కాలిఫోర్నియాలోని శాన్ డియాగో దగ్గర. నేను పని మీద నెలకు రెండుసార్లు ఆ దారిన పోతాను. రాత్రి పూట మైలురాళ్లు తప్ప వేరే ఏమీ కనబడని చోట కళ్లు మూతపడకుండా నన్ను కాపాడేది దవడ కదలికే. కాఫీ తాగితే బండి ఆపవలసి వస్తుంది, గమ్‌కు ఆ అవసరం లేదు. మా కార్లలో కప్పు పెట్టే గుంటలో సరిగ్గా పట్టే గమ్ డబ్బాలు అందుకే పుట్టాయని నా నమ్మకం.

రైలుపిచ్చి
యూరప్ చిన్నది అనే మాటతో నేను ఏకీభవించను. యూరప్ ఖండం వైశాల్యం కోటి చదరపు కిలోమీటర్ల పైమాట, అమెరికా సంయుక్త రాష్ట్రాలది సుమారు 98 లక్షలు. అంటే యూరప్పే ఒక పిసరు పెద్దది. లిస్బన్ నుంచి మాస్కోకు రోడ్డు మీద వెళ్లండి, న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు వెళ్లినంత సేపు పడుతుంది.

తేడా విస్తీర్ణంలో లేదు, మజిలీల మధ్య ఉన్న ఎడంలో ఉంది. ఇక్కడ ఊరి వెంట ఊరు, ఊళ్ల మధ్య రైలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కితే నాలుగు గంటల్లో పారిస్‌లో దిగుతాము. దేశం మారుతుంది, భాష మారుతుంది, స్టేషన్ దుకాణంలో గమ్ పేరు మారుతుంది. టెక్సాస్‌లో నాలుగు గంటలు నడిపితే టెక్సాసే ఉంటుంది.

అమెరికాలోనే అన్నీ పెద్దవి అనుకోవడం కూడా సరికాదు. కొలరాడోలో రాకీ పర్వతాల కింద ఐసన్‌హోవర్ సొరంగం పొడవు మూడు కిలోమీటర్లకు లోపే. స్విట్జర్లాండ్‌లో 1980లో తెరిచిన గొథార్డ్ రోడ్డు సొరంగం దాదాపు 17 కిలోమీటర్లు. 2016లో తెరిచిన గొథార్డ్ రైలు సొరంగం 57 కిలోమీటర్లు. ఆ రైల్లో నేను పుదీనా స్టిమొరాల్ నోట్లో వేసుకుని కూర్చుంటాను. లోపలికి పోయాక చెవులు దిబ్బళ్లు పడితే నమలడం వల్ల తెరుచుకుంటాయి. స్టిమొరాల్ డెన్మార్క్‌ది, నాకు అంతకు మించినది లేదు.

గోదావరి_గట్టు
రైలుపిచ్చి గారూ, ఎడం అన్న మాట బాగా చెప్పారు. నేను చిన్నది అన్నది నిజానికి దగ్గర అన్న అర్థంలోనే. దిద్దుకుంటున్నాను.

మిలానో_మేడ
ఇటలీలో మూడు తరాలవారు నమిలిన గమ్ పేరేమిటో తెలుసా? బ్రూక్లిన్. ప్యాకెట్ మీద న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెన బొమ్మ ఉంటుంది. తయారుచేసింది మాత్రం మిలాన్ పక్కన లైనాతే అనే ఊళ్లో ఉన్న పెర్ఫెట్టీ సోదరుల కంపెనీ. అమెరికా ముఖం చూడని ఇటాలియన్ పిల్లలకు అమెరికా అంటే ఆ వంతెన, ఆ పుదీనా వాసన.

ఆ పెర్ఫెట్టీయే 2001లో డచ్చి కంపెనీ వాన్ మెల్లెతో కలిసి పెర్ఫెట్టీ వాన్ మెల్లె అయింది. మనం బడి దగ్గర కొట్టులో కొనుక్కున్న సెంటర్ ఫ్రెష్, బిగ్ బబూల్, హ్యాపీడెంట్ ఆ ఇంటివే. బూమర్ కూడా స్పెయిన్‌లో పుట్టినదే. బెజవాడలో నా చిన్నతనమంతా యూరప్ గమ్ నమిలి, అది అమెరికా వస్తువు అనుకున్నాను. ఇక్కడికి వచ్చి లైనాతే బోర్డు చూసిన రోజున ఆ సంగతి తెలిసి రోడ్డు పక్కన నిలబడిపోయాను.

పారిస్_పావురం
ఫ్రాన్స్‌లోనూ ఇదే కథ. ఇక్కడి పేరున్న గమ్ హాలీవుడ్. రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఇక్కడ ఉండిపోయిన ఒక అమెరికన్ 1952లో మొదలుపెట్టాడు. అమెరికా సైనికుల రేషన్ పొట్లాల్లో గమ్ ఉండేది. వారి వెంట పరుగెత్తిన పిల్లలే పెద్దయ్యాక దాన్ని కొన్నారు.

తుర్కు_మంచు
మూడోది నేను చేరుస్తాను. ఫిన్లాండ్‌లో అందరూ నమిలే గమ్ పేరు యెంకీ, ఫిన్నిష్‌లో ఆ మాటకు అమెరికావాడు అనే అర్థం. ఇటలీ వంతెన పేరు పెట్టుకుంది, ఫ్రాన్స్ సినిమా ఊరి పేరు పెట్టుకుంది, ఫిన్నులు ఏకంగా మనిషి పేరే పెట్టుకున్నారు.

పేరు అక్కడిదే అయినా గమ్‌ను మార్చింది మా తుర్కు ఊరే. 1970లలో తుర్కు విశ్వవిద్యాలయం పరిశోధకులు పంచదార బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం ఇచ్చి చూస్తే, తీసుకున్నవారికి పిప్పిపళ్లు బాగా తగ్గాయి. 1975లో జైలిటాల్ గమ్ అంగట్లోకి వచ్చింది. మొదట్లో దాన్ని బిర్చ్ చెట్టు కలప నుంచి తీసేవారు. మా పాప వెళ్లే శిశుకేంద్రంలో మధ్యాహ్నం భోజనం కాగానే టీచరు ఒక గిన్నె పట్టుకుని వరస వెంట నడుస్తుంది, పిల్లలు ఒక్కొక్కరూ ఒక జైలిటాల్ బిళ్ళ తీసుకుంటారు. ఇంటికి వచ్చాక కూడా అన్నం తినగానే చెయ్యి చాపుతుంది. నేను ముప్ఫై ఏళ్లు దాటాక నేర్చుకున్న అలవాటు దానికి మూడేళ్లకే వచ్చింది, నాకు అది చాలా సంతోషం.

చికాగో_చలి
యూరప్ వారు పేర్లు అరువు తెచ్చుకున్న గమ్‌కు మా ఊరే పెద్ద అంగడి కాబట్టి నేను మాట్లాడక తప్పదు. విలియం రిగ్లీ 1891లో చికాగోకు వచ్చింది సబ్బు అమ్మడానికి. సబ్బు కొన్న వర్తకులకు బేకింగ్ పౌడర్ ఉచితంగా ఇచ్చాడు, బేకింగ్ పౌడరే బాగా పోతోందని అదే అమ్మాడు, దానితో పాటు గమ్ ఉచితంగా ఇచ్చాడు, చివరికి గమ్ మిగిలింది. 1893లో జ్యూసీ ఫ్రూట్, స్పియర్‌మింట్ వచ్చాయి. ప్రకటనకు ఆయన ఎంత దూరమైనా పోయేవాడు. 1915లో టెలిఫోన్ డైరెక్టరీలో పేరున్న 15 లక్షల చిరునామాలకు గమ్ పంపించాడు. కొలత అంటే అదీ. ఆ రోజుల్లో ఏ యూరప్ వ్యాపారికీ ఒకే భాషలో ఒకే ప్రకటన పట్టుకుని అంతమందిని చేరే వీలు లేదు. రైలుపిచ్చి గారు చెప్పిన వైశాల్యం లెక్క నిజమే కాని, ఒకే అంగడి, ఒకే నాణెం, ఒకే భాష ఉన్న వైశాల్యం వేరు.

గోదావరి_గట్టు గారూ, బిగ్ రెడ్ కూడా రిగ్లీదే, 1975లో వచ్చింది. కంపెనీని 2008లో మార్స్ సుమారు 2,300 కోట్ల డాలర్లకు కొన్నది. నాకు ఇష్టమైనది డబుల్‌మింట్. మార్చిలో మా తమ్ముడు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా హైదరాబాద్ వెళుతున్నాడు. ఒక పెట్టె పంపనా?

గోదావరి_గట్టు
పంపండి. విమానాశ్రయానికి నేనే వస్తాను. స్టుట్‌గార్ట్ నుంచి రైల్లో గంటన్నర కూడా పట్టదు.

సపోటాతోట
నేను అమెరికా చూడలేదు, యూరప్ చూడలేదు. తూర్పు గోదావరిలో మాకు నాలుగెకరాల సపోటా తోట ఉంది కాబట్టి ఈ చర్చలో నాకూ హక్కు ఉందనుకుంటున్నాను, ఎందుకంటే మీరంతా చెబుతున్న గమ్ మొదట సపోటా పాలే.

సపోటా మన చెట్టు కాదు. దాని పుట్టిల్లు మెక్సికో దక్షిణ భాగం, గ్వాటెమాలా, బెలిజ్ ప్రాంతాలు. అక్కడి అడవుల్లో చెట్టు మానుకు కత్తితో వంకర టింకర గాట్లు పెడితే పాలు గాటు వెంట కిందికి దిగి సంచిలో పడతాయి. వాటిని కాచి దిమ్మలుగా చేస్తారు. దానినే చికిల్ అంటారు. టెక్సాస్‌లోని అలమో కోటను 1836లో ముట్టడించిన మెక్సికన్ సేనాని సాంటా అన్నా ముసలితనంలో దేశం విడిచి న్యూయార్క్‌లో ఉన్నప్పుడు, చికిల్‌తో రబ్బరు చేయవచ్చని థామస్ ఆడమ్స్ అనే ఆయనకు చెప్పాడు. రబ్బరు కాలేదు. నమలడానికి మాత్రం బాగుందని ఆడమ్స్ గమ్‌గా అమ్మాడు. అమరిల్లో_ఆవల గారు రోజూ తిరిగే టెక్సాస్‌ను పోగొట్టుకున్న మనిషే గమ్‌కు దారి చూపించాడన్న మాట.

ఇప్పటి గమ్‌లో చాలావరకు సపోటా పాలు లేవు, పెట్రోలియం నుంచి వచ్చే రబ్బరు వంటి పదార్థాలే ఆధారం. అయినా పచ్చి సపోటా కొరికి పెదవులు అంటుకుపోయినవారు ఎవరైనా చికిల్ రుచి చూసినట్టే. పాల రకమైనా, కీర్తిబర్తి అయినా, క్రికెట్ బాల్ అయినా కాయ తెంపగానే తొడిమ దగ్గర తెల్లటి చుక్క పుడుతుంది. గంపలు నింపేసరికి ఆ జిగురు చేతివేళ్ల సందుల్లో నల్లగా గట్టిపడుతుంది. నీళ్లకు పోదు, సబ్బుకు పోదు, కొబ్బరినూనె రాసి రుద్దితేనే వదులుతుంది. ఈ సంగతి చదువుకున్న తరవాత ఆ జిగురును కడుక్కునేటప్పుడు నాకు దాని మీద ఒక గౌరవం కలుగుతోంది.

అమరిల్లో_ఆవల
సపోటాతోట గారూ, అలమో కోటకు నాలుగుసార్లు వెళ్లాను, ఈ ముక్క మాత్రం మీ దగ్గరే తెలిసింది. ఈసారి పిల్లలకు చెబుతాను.

పాతబస్తీ_వాసి
యూరప్‌కు నమిలే జిగురు అమెరికా సైనికులే తెచ్చిపెట్టారన్నట్టు మాట సాగుతోంది, అది సరికాదు. గ్రీసుకు చెందిన ఖియోస్ దీవిలో మస్తిక్ చెట్టు జిగురును ప్రాచీన కాలం నుంచి నములుతున్నారు. చెట్టు కింద నేలను ఊడ్చి, తెల్లటి మట్టిపొడి పరిచి, బెరడుకు సన్నగా గాట్లు పెడతారు. జిగురు చుక్కలు చుక్కలుగా రాలి ఆ పొడి మీద గట్టిపడుతుంది. ఆ పంట తీసే విద్యను యునెస్కో 2014లో వారసత్వ జాబితాలో చేర్చింది. మస్తిక్ చెట్లు చుట్టుపక్కల చాలా చోట్ల పెరుగుతాయి, అయినా ఈ జిగురుకు పేరు వచ్చింది ఆ దీవి దక్షిణ భాగంలోని ఊళ్లకే.

మా పాతబస్తీలో యునానీ మందుల కొట్టుకు వెళ్లి రూమీ మస్తగీ అని అడగండి, చిన్న పొట్లంలో అదే జిగురు ఇస్తారు. మా నానమ్మ భోజనం తరవాత ఒక గింజ నోట్లో వేసుకునేది. మొదట ఇసుకలా పొడిపొడి అవుతుంది, కాస్త ఓపిక పడితే మెత్తబడి తెల్లటి ముద్ద అవుతుంది. దేవదారు చెక్క వంటి వాసన. నాకు ఇష్టమైన గమ్ అదే.

పల్నాటి_పొలం
మాకు తుమ్మబంకే గమ్. లేకపోతే గుప్పెడు గోధుమలు నోట్లో పోసుకుని పిండి రసం మింగుతూ పావుగంట నమిలితే సాగే ముద్ద మిగిలేది. బుడగ రాదు కాని కొనే పని లేదు.

లోలాండ్_లోగిలి
కాలం కొలత ఒకటి ఎవరూ చెప్పలేదు. డెన్మార్క్ దక్షిణాన లోలాండ్ దీవిలో తవ్వకాల్లో నమిలి ఉమ్మిన బిర్చ్ జిగురు ముక్క ఒకటి దొరికింది. దాని వయసు సుమారు 5,700 ఏళ్లు. కోపెన్‌హాగెన్ శాస్త్రవేత్తలు ఆ ముక్కలో నుంచే నమిలిన మనిషి పూర్తి జన్యుపటాన్ని చదివి 2019లో ప్రకటించారు. ఎముక ఒక్కటీ లేకుండానే ఆమె స్త్రీ అని, చర్మం చామనఛాయ అని, కళ్లు నీలమని చెప్పగలిగారు. బాతు మాంసం, హేజెల్ గింజలు తిన్న ఆనవాళ్లు కూడా ఆ ముక్కలో ఉన్నాయి. రిగ్లీ పుట్టిన పందొమ్మిదో శతాబ్దం ఆ లెక్కలో నిన్నటిది.

గుంటూరు_దంతం
నేను పళ్ల డాక్టరును. ఇష్టాల మధ్య ఒక కఠినమైన మాట చెప్పక తప్పడం లేదు. బిగ్ రెడ్, జ్యూసీ ఫ్రూట్ రెండిట్లోనూ పంచదార ఉంటుంది. రోజుకు రెండుసార్లు, ఏళ్ల తరబడి, అందులోనూ రాత్రిపూట నమలడం అంటే పళ్లను పంచదార నీళ్లలో నానబెట్టడమే. తుర్కు_మంచు గారి పాపకు అలవాటైనదే సరైన పద్ధతి. భోజనం తరవాత పంచదార లేని గమ్ 20 నిమిషాలు నమిలితే లాలాజలం ఊరి నోట్లోని ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఆ మాట ప్యాకెట్ మీద వేసుకోవడానికి యూరోపియన్ యూనియన్ అనుమతి కూడా ఇచ్చింది. అంతమాత్రాన గమ్ నమిలి బ్రష్ మానకండి. దవడ కీలు దగ్గర నొప్పి ఉన్నవారు అసలు నమలవద్దు.

అమరిల్లో_ఆవల
డాక్టరు గారూ, అర్థమైంది. దారి పొడవునా నమిలేది పంచదార లేనిదే తీసుకుంటాను, జ్యూసీ ఫ్రూట్ ఆదివారానికి ఉంచుకుంటాను.

తుర్కు_మంచు
ఇంట్లో కుక్క ఉన్నవారు జైలిటాల్ గమ్‌ను అందకుండా దాచండి. మనుషులకు మేలు చేసేదే కుక్కలకు విషం. మా పక్కింటివారి కుక్కను అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది, అదృష్టం కొద్దీ బతికింది.

శాకాహారి_లండన్
రెండు చోట్లా ఉండి వచ్చాను కాబట్టి లేబుల్ సంగతి చెబుతాను. కొన్ని గమ్ములలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి వచ్చేది. ఒకే పేరున్న గమ్‌లో కూడా దేశాన్ని బట్టి దినుసులు మారవచ్చు కనుక అక్కడ చదివాము కదా అని ఇక్కడ చదవకుండా కొనకండి. ఇంకొక తేడా, బిళ్ళల మీది తెల్లటి పూతకు వాడే టైటానియం డయాక్సైడ్‌ను యూరోపియన్ యూనియన్ 2022 ఆగస్టు నుంచి ఆహారంలో నిషేధించింది. అమెరికాలో అలాంటి నిషేధం లేదు. డాక్టరు గారూ, ఆ పూత పళ్లకు ఏమైనా చేస్తుందా?

గుంటూరు_దంతం
పళ్లకు కాదు. వారు నిషేధించిన కారణం వేరు. కణాల్లోని జన్యుపదార్థానికి హాని ఉండదని ఖాయంగా చెప్పలేము అన్నందుకు.

రైలుపిచ్చి
చికాగో_చలి గారు చెప్పిన ఒకే అంగడి మాట గురించి రెండు రోజులు ఆలోచించాను. ఒప్పుకుంటున్నాను. అయితే ఆ ఒకే అంగడి వల్ల అమెరికాలో ఎక్కడ దిగినా అవే ఆరు రకాలు కనబడతాయి. ఇక్కడ ఖియోస్‌లో మస్తిక్, ఫిన్లాండ్‌లో జైలిటాల్, డెన్మార్క్‌లో కారం పుదీనా, ఎవరి నోటికి తగ్గది వారు చేసుకున్నారు. గోదావరి_గట్టు గారూ, ఒక్క దాల్చినచెక్క కోసం మిగతావాటిని వదలకండి.

చికాగో_చలి
ఆరు రకాలు అన్యాయమండి. మా వీధి చివర కొట్టులో నిన్న లెక్కపెడితే ఇరవై మూడు ఉన్నాయి. అందులో దాల్చినచెక్కవే మూడు.

గోదావరి_గట్టు
అందరి సమాధానాలూ రెండుసార్లు చదివాను. డాక్టరు గారి మాట విని పెట్టె బదులు నాలుగు ప్యాకెట్లే పంపమని చికాగో_చలి గారికి విడిగా రాశాను.

ఈ సాయంత్రం ఒకటి జరిగింది. మా వీధి మలుపులో ఒక ఇంటి గోడకు ఎర్రటి ఇనుప పెట్టె బిగించి ఉంటుంది. రంగు పెచ్చులు లేచింది, ముందువైపు అద్దం గీతలు పడి మసకబారింది. ఏడు నెలలుగా దాని ముందు నుంచే నడుస్తూ ఎవరిదో పాత తపాలా పెట్టె అనుకున్నాను. ఇవాళ మా పాప, దాని స్నేహితురాలు అక్కడ ఆగారు. ఆ జర్మన్ పిల్ల 20 సెంట్ల నాణెం చీలికలో పెట్టి పిడి తిప్పింది. కరకరమని శబ్దం వచ్చి లోపల ఏదో దొర్లింది, కింద రేకు మూత ఎత్తితే గుండ్రటి గమ్ ఒకటి. ఇక్కడ ఇలాంటి పెట్టెలు ఇళ్ల గోడలకు తాతల కాలం నుంచి ఉన్నాయని ఆ పిల్ల తల్లి చెప్పింది. దుకాణం దాకా పోనక్కరలేదు, పిల్లల చెయ్యి అందే ఎత్తులోనే ఉంటుంది.

మా పాపకు ఎర్రది వచ్చింది. దాల్చినచెక్క అవుతుందేమోనని నేను ఆశగా చూశాను. చెర్రీ అట. ఆ మలుపు నుంచి మా గుమ్మానికి 340 అడుగులని అదే లెక్కపెట్టింది, గుమ్మం దగ్గరికి వచ్చేదాకా రుచి ఉందట. రేపటికి ఇంకో 20 సెంట్లు అడిగింది. పంచదార లేని రకం పెట్టె ఎక్కడైనా చూసినవారు ఉంటే చెప్పండి.